ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు: బడి పుస్తకం మీద ఒక లెక్కల మాస్టారి రివ్యూ

ఇయర్‌ఫోన్స్‌కి, ప్రెషర్ కుక్కర్లకి, బిర్యానీ సెంటర్లకి పేజీలు పేజీలు రివ్యూలు రాస్తాం గానీ లక్షల మంది పిల్లలు రోజూ భుజాన మోసుకెళ్లే పుస్తకం ఎలా ఉందో ఎవరూ రాయరు. డబ్బు కట్టేది ప్రభుత్వం, చదివేది పిల్లలు, చెప్పేది మేము, కాబట్టి కస్టమర్ ఎవరో కూడా సరిగ్గా తేలదు. నేను ఉత్తరాంధ్రలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. రోజూ చేతిలో ఉండే వస్తువు కాబట్టి దీని గురించి రాసే హక్కు నాకు ఉందనుకుంటున్నాను.

వస్తువు ఏమిటంటే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇచ్చే రెండు భాషల పాఠ్యపుస్తకం. మేం మిర్రర్ ఇమేజ్ బుక్ అంటాం. తెరిస్తే ఒక పక్క ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో, అవే బొమ్మలు, అవే లెక్కలు. 2020-21లో ఒకటి నుంచి ఆరో తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం అనుకున్నప్పుడు వచ్చింది, తర్వాత ఏడాదికో తరగతి చొప్పున పైకి వెళ్లి పదో తరగతి దాకా చేరింది. తెలంగాణలో కూడా 2022-23లో ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పుడు ఇదే పద్ధతిలో పుస్తకాలు వేశారు, కాబట్టి నేను చెప్పేది అక్కడి టీచర్లకి కూడా చాలావరకు వర్తిస్తుంది.

కొంచెం వెనక కథ చెప్పాలి, లేకపోతే ఈ పుస్తకం ఎందుకిలా ఉందో అర్థం కాదు. 2019 నవంబరులో 81వ నంబరు జీవో వచ్చింది, ప్రభుత్వ బడులన్నీ ఇంగ్లిష్ మీడియం అని. దాని మీద కోర్టుకెళ్తే 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. విద్యాహక్కు చట్టంలో 29వ సెక్షన్ "వీలైనంత వరకు" మాతృభాషలో చెప్పాలంటుంది, ఆ "వీలైనంత" దగ్గరే గొడవంతా. తర్వాత ప్రభుత్వం తల్లిదండ్రుల్నే అడిగితే 96 శాతానికి పైగా ఇంగ్లిష్ మీడియానికే టిక్కు పెట్టారు. అప్పట్లో టీవీ చర్చల్లో ఒక పక్క భాషాభిమానులు, ఇంకో పక్క రచయిత కంచ ఐలయ్య గారిలాగా పేదపిల్లలకి ఇంగ్లిష్ ఎందుకివ్వరు అని నిలదీసేవాళ్లు, మధ్యలో రేపు పొద్దున క్లాసుకెళ్లి పాఠం చెప్పాల్సిన మేము. ఆ మధ్యవాళ్ల కోసం తయారైన సరుకే ఈ పుస్తకం అని నా అభిప్రాయం. రెండు పక్షాల్లో ఎవరికీ పూర్తిగా నచ్చదు, క్లాసులో మాత్రం పనికొస్తుంది.

ఎలా పనికొస్తుందో ఒక్క లెక్కతో చెప్తాను. ఇది పుస్తకంలోది కాదు, బోర్డు మీద నేనే రాసింది. ఏడో తరగతి. "ఏ వాటర్ ట్యాంక్ ఈజ్ త్రీ ఫోర్త్స్ ఫుల్. వెన్ 60 లీటర్స్ ఆర్ యూజ్డ్, ఇట్ ఈజ్ హాఫ్ ఫుల్. ఫైండ్ ద కెపాసిటీ ఆఫ్ ద ట్యాంక్." ముందు బెంచీలో పాప లేచి ఎక్కడా తడబడకుండా గడగడా చదివేసింది. తల్లిదండ్రుల మీటింగులో చదివిస్తే చప్పట్లు పడేంత బాగా చదివింది. చదవడం అయ్యాక అడిగిన ప్రశ్న: "సార్, కలపాలా, తీసెయ్యాలా?" ఇరవై ఏళ్లుగా లెక్కలు చెప్పే ఎవరికైనా ఆ ప్రశ్న వింటే విషయం తెలిసిపోతుంది, అంకెలు తప్ప ఇంకేమీ లోపలికి వెళ్లలేదని. అప్పుడు పక్కనే తెలుగులో రాశాను: ట్యాంకులో ముప్పావు వంతు నీళ్లున్నాయి, 60 లీటర్లు వాడేస్తే సగానికొచ్చాయి, నిండా ఎన్ని లీటర్లు పడతాయి? పాప పెన్ను కూడా పట్టుకోలేదు. "ముప్పావులోంచి సగం పోతే పావు కదా సార్, పావు అరవై అయితే నాలుగు అరవైలు, రెండొందల నలభై." మళ్లీ ఇంగ్లిష్ వాక్యం చదవమన్నాను. ఈసారి నెమ్మదిగా చదివింది, "హాఫ్ ఫుల్" దగ్గర ఆగి తలూపింది. అప్పుడే ఆ ఇంగ్లిష్ వాక్యం ఆ పిల్లది అయ్యింది.

పుస్తకం ఈ పనే ప్రతి పేజీలోనూ చేయనిస్తుంది. అభ్యాసంలో ఆరో లెక్క దగ్గర ఇరుక్కున్న పిల్లాడు కళ్లు పక్క పేజీకి తిప్పి, మళ్లీ ఇటు వచ్చి, తనంతట తానే ముందుకెళ్తాడు. వెనక బెంచీ పిల్లలకి ఇది చాలా పెద్ద విషయం, ఎందుకంటే వాళ్లు చెయ్యెత్తి "సార్ అర్థం కాలేదు" అనరు, చచ్చినా అనరు. పక్క పేజీని అడగడానికి సిగ్గు అక్కర్లేదు.

ఇక టీచర్ల సంగతి. ఇంగ్లిష్ మీడియం గురించి టీచర్లు ఏమనుకుంటున్నారు అని ఎవరైనా సర్వే పెడితే అందరూ ఏదో ఒక గళ్లో టిక్కు పెట్టేస్తారు, నిజం బయటికి రాదు. ఈ పుస్తకాన్ని ఎవరు ఎలా వాడుతున్నారో క్లాసు బయట నిలబడి చూస్తే అభిప్రాయం దానంతట అదే తెలుస్తుంది.

మా సోషల్ మాస్టారు ఇంగ్లిష్ పేజీలో ఒక వాక్యం చదువుతారు, వెంటనే దానికి తెలుగు చెప్తారు, మళ్లీ ఇంకో వాక్యం, మళ్లీ తెలుగు. పద్యానికి తాత్పర్యం చెప్పినట్టు ఉంటుంది. మనిషి మంచివాడు, సబ్జెక్టు బాగా తెలుసు, కానీ ఈ పద్ధతితో పిల్లలు ఒకటి కనిపెట్టేశారు: తెలుగు ఎలాగూ వస్తుంది కాబట్టి ఇంగ్లిష్ చదివేటప్పుడు వినక్కర్లేదు. ఆ కొద్దిసేపు కిటికీలోంచి బయటికి చూస్తారు. చాలా బడుల్లో జరుగుతున్నది ఇదే, పేరుకి ఇంగ్లిష్ మీడియం. ఆయన్ని అడిగితే, "నేను చదివింది తెలుగు మీడియం, బీఈడీ తెలుగులో, డీఎస్సీ రాసింది తెలుగులో, యాభై దాటాక నన్ను ఇంగ్లిష్‌లో మాట్లాడమంటే వచ్చిన పాఠం కూడా పోతుంది" అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నాదీ అదే కథ. లెక్కల్లో గుర్తులే సగం మాట్లాడేస్తాయి కాబట్టి నేను గట్టెక్కుతున్నాను గానీ సోషల్‌లో ఫ్రెంచి విప్లవం గురించి పది నిమిషాలు ఆపకుండా ఇంగ్లిష్‌లో చెప్పమంటే నేనూ కిటికీ వైపే చూస్తాను.

బయాలజీ మేడమ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ మీడియంలోనే చదువుకున్నారు. పాఠం మొదలెట్టే ముందు తెలుగు పేజీ మీద నోట్‌బుక్ కప్పిస్తారు. కనపడితే అటే చూస్తారని ఆవిడ బాధ. మొదట్లో ఇది అన్యాయం అనిపించింది కానీ ఆవిడ క్లాసు చూస్తే విషయం వేరు. ఆవిడ ఇంగ్లిష్ చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది, ప్రతి ముక్కకీ బొమ్మో, చేత్తో సైగో, తెచ్చిన మందార పువ్వో ఉంటుంది, పాఠం అయిపోయాక చివరి పావుగంట నోట్‌బుక్ తీసేసి తెలుగు పేజీ చదువుకోమంటారు. అంటే ఆవిడ తెలుగుని తీసేయలేదు, ఆఖరికి జరిపారు. ఆవిడ చేస్తే పని చేస్తుంది. అదే పద్ధతి ఆవిడంత ఇంగ్లిష్ రాని వాళ్లం మేం పెడితే పిల్లలు నలభై ఐదు నిమిషాలు చీకట్లో కూర్చోవాలి.

మూడో రకం మా ఊరి ప్రైమరీ స్కూల్లో ఎస్‌జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా చేసే అమ్మాయి, డీఎస్సీ 2025లో కొత్తగా వచ్చింది. ముందు విషయమంతా తెలుగులో, పుస్తకం మూసి, కబుర్లలాగా మాట్లాడించేస్తుంది. వాళ్ల ఇంట్లో బావి ఉందా, బోరు ఉందా, నీళ్లు ఎన్నింటికి వస్తాయి, ఇలా. ఆ తర్వాత ఇంగ్లిష్ పేజీ తెరిపిస్తుంది. తెలిసిన విషయమే కాబట్టి పిల్లలు ఇంగ్లిష్‌లో దాన్ని గుర్తుపడతారు. తెలుగు పేజీ ఇంటికి. అమ్మో నాన్నో చదివి వినిపిస్తారు, లేదా పిల్లలే వాళ్లకి చదివి వినిపిస్తారు. నన్నడిగితే ఈ పుస్తకాన్ని కరెక్టుగా వాడుతున్నది ఈ అమ్మాయే. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో ఇలాంటి వాళ్లని లేపి పాఠం చెప్పించాలి, మాలాంటి సీనియర్లు కూర్చుని రాసుకోవాలి. యాప్‌లో ఏ ఫొటో ఎప్పటికల్లా అప్‌లోడ్ చేయాలన్న మాటలు తర్వాత మాట్లాడుకోవచ్చు.

స్టాఫ్‌రూమ్‌లో మీడియం చర్చ మొదలైన ప్రతిసారీ ఒక ప్రశ్న వస్తుంది: మీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారు? తెలుగే ఉండాలని బల్ల గుద్దే వాళ్ల పిల్లలు కూడా బస్సెక్కి ప్రైవేటు ఇంగ్లిష్ మీడియానికే వెళ్తున్నారు. ఈ విషయంలో ఊళ్లో కూలికెళ్లే తల్లులు మాకంటే నిజాయితీగా ఉన్నారు, మావాడికి ఇంగ్లిష్ రావాలి అని సూటిగా చెప్పేస్తారు. కాకపోతే ఇంగ్లిష్ రావడం, ఇంగ్లిష్‌లో చదవడం రెండూ ఒకటే అని వాళ్లకి ఎవరో నమ్మించారు. సైన్సు ఇంగ్లిష్‌లో చెప్పేస్తే ఇంగ్లిష్ వచ్చేస్తుందనుకోవడం ఎంత తప్పో చూడాలంటే, 2008-09లో ఉమ్మడి రాష్ట్రంలో సక్సెస్ స్కూళ్లు అనే పేరుతో హైస్కూళ్లలో ఆరో తరగతి నుంచి ఇంగ్లిష్ సెక్షన్లు పెట్టారు కదా, ఆ బ్యాచ్‌ల పిల్లల్ని అడగండి. బాగుపడ్డవాళ్లు ఉన్నారు, కాదనను. జవాబులు కంఠతా పట్టి పాసయ్యి, ఇంటర్‌కి వెళ్లాక లెక్చరర్ ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే బిక్కమొహం వేసినవాళ్లు కూడా మాకు బాగా తెలుసు.

పుస్తకానికి ఉన్న అసలు సమస్య దగ్గరికి వస్తున్నాను. పుస్తకం రెండు భాషల్లో ఉంది, దాని చుట్టూ ఉన్న మిగతాదంతా ఒకే భాషలో ఉంది. పదో తరగతి నామినల్ రోల్స్‌లో, అంటే పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితాలో, మీడియం అని ఒక గడి ఉంటుంది, అందులో రెండు రాయడానికి లేదు. జవాబు పత్రం ఒక భాషలో ఉండాలి. 2024-25లో కావాలంటే తెలుగులో రాసుకోవచ్చని వెసులుబాటు ఇచ్చారు. 2025 మార్చిలో పరీక్ష రాసిన ఆరు లక్షల పైచిలుకు పిల్లల్లో తెలుగు ఎంచుకున్నది యాభై వేల చిల్లర. చూశారా అందరికీ ఇంగ్లిషే కావాలి అని ఒక వర్గం టీచర్లు అంటారు. మా బళ్లో జరిగింది నాకు తెలుసు: ఆరో తరగతి నుంచి ఇంగ్లిష్‌లో నోట్స్ రాసుకున్న పిల్లాడు పదో తరగతి మధ్యలో తెలుగులోకి మారమంటే ఎలా మారతాడు? తెలుగులో సొంతంగా నాలుగు వాక్యాలు వరసగా రాసే అలవాటు తప్పిపోయింది. ఇంగ్లిష్‌లో సొంతంగా రాసే అలవాటు రాలేదు. మెటీరియల్‌లో ఉన్న జవాబు మాత్రం ఫుల్‌స్టాపుతో సహా వచ్చు. అర్థం చేసుకోవడానికి తెలుగు పేజీ, మార్కులకి ఇంగ్లిష్ పేజీ అని పిల్లలే పంచేసుకున్నారు, ఈ రెంటి మధ్య వంతెన కట్టే పని సిలబస్ పూర్తి చేసే హడావిడిలో పక్కకి పోతోంది. తొమ్మిది, పది తరగతుల్లో ఈ పుస్తకానికి నేను తక్కువ మార్కులు వేసేది అందుకే. పుస్తకం తప్పేమీ లేదు, అక్కడికొచ్చేసరికి దాన్ని తెరిచి చదివే తీరిక ఎవరికీ లేదు, అంతా గైడ్ల మీద నడుస్తుంది.

ఒక లెక్కల పరీక్షలో నేను చేసి చూసింది చెప్తాను, మా స్లిప్ టెస్టులో, పై పరీక్షల్లో కాదు. వర్డ్ ప్రాబ్లమ్ ఇంగ్లిష్‌లో ఇచ్చి, ఎలా చేశావో వివరం నీకిష్టమైన భాషలో రాయి అన్నాను. ఇంగ్లిష్ ముక్కలు, తెలుగు ముక్కలు కలిపి రాసినవాళ్లే ఎక్కువ మంది, "ఎక్స్ ఈజ్ నంబర్ ఆఫ్ మేకలు" అని రాసినవాడికి పూర్తి మార్కులు వేశాను. లెక్క కరెక్టు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు చూస్తే ఏమంటారో అని కొంచెం టెన్షన్ ఉండేది, ఆ కాగితాలు ఎవరూ అడగలేదు.

ఇంకో విషయం, దీని గురించి మైదాన ప్రాంతంలో ఎవరూ మాట్లాడరు. ఇంతకుముందు సీతంపేట వైపు ఏజెన్సీలో పనిచేశాను. అక్కడి శవర గిరిజన పిల్లలు ఒకటో తరగతిలో ఈ పుస్తకం తెరిస్తే రెండు పేజీలూ పరాయివే. ఇంట్లో మాట్లాడేది శవర భాష, తెలుగు సంతలోనో బస్సులోనో వినేది, ఇంగ్లిష్ ఎక్కడా వినపడనిది. మిర్రర్ అంటున్నాం, ఆ అద్దంలో ఆ పిల్ల మొహం కనపడదు. ఇది కొత్తగా కనిపెట్టిన సమస్య కూడా కాదు. పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు శవర నేర్చుకుని, వాళ్ల భాషలో పుస్తకాలు రాసి బడులు నడిపించి వందేళ్లు దాటింది. 2003-04 ప్రాంతంలో శవర, కోయ, కువి, కొండ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియా అని ఎనిమిది భాషల్లో ప్రైమరీ పిల్లలకి పుస్తకాలు తెచ్చిన కార్యక్రమం కూడా మన దగ్గరే మొదలైంది. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని గిడుగు వారి ఫొటోకి దండ వేసి తెలుగు గొప్పతనం మీద వక్తృత్వ పోటీలు పెడతాం, శవర సంగతి ఎవరూ ఎత్తరు. ఏజెన్సీలో ఒకటి రెండు తరగతులకి మూడో భాష లేకుండా ఈ పుస్తకం సరిపోదని అక్కడ పనిచేసిన ఏ టీచరైనా చెప్తాడు. అక్కడ నిజంగా పాఠం నడిపించేది ఆ ఊరి భాష తెలిసిన విద్యా వలంటీరు లేదా నాలుగో తరగతి పిల్లాడు, వాడు చిన్నవాళ్లకి శవరలో చెప్పి పెడతాడు.

చిన్నచిన్నవి గబగబా చెప్పేస్తాను. రెండు భాషలు కాబట్టి పేజీలు రెట్టింపు, అందుకే సెమిస్టర్లుగా విడగొట్టారు, అది మంచి పని, సంచి బరువు కొంతైనా తగ్గింది. పిల్లలు మొదటి సెమిస్టర్ పుస్తకాన్ని పడేయకుండా చూసుకోవాలి, రివిజన్‌లో మళ్లీ కావాలి. క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేస్తే దీక్ష అనే ప్రభుత్వ పాఠాల వేదికలో వీడియోలు, ఇంట్లో ఫోను నాన్న జేబులో ఉంటుంది కాబట్టి సాయంత్రం ఏడు తర్వాతే. క్లాసులో ప్యానెల్, అంటే పెద్ద డిజిటల్ తెర, ఉన్నచోట మాత్రం బాగా పనికొస్తున్నాయి. తెలుగు పేజీలో భాష కొన్నిచోట్ల గ్రాంథికం కాకపోయినా ఆఫీసు నోటీసులాగా బిగుసుకుపోయి ఉంటుంది, ఇంగ్లిష్‌లో తేలిగ్గా ఉన్న వాక్యం తెలుగులో మూడు మెలికలు తిరుగుతుంది. అలాంటిచోట నేను పిల్లల్నే అడుగుతాను, ఇదే మాట మీ అమ్మకి ఎలా చెప్తావురా అని. వాళ్లు చెప్పేది పుస్తకంలో కంటే బావుంటుంది, పెన్సిల్‌తో పక్కన రాసుకోమంటాను.

స్టార్లు వేయాలంటే మూడు నుంచి ఏడో తరగతి వరకు ఐదుకి నాలుగు. తొమ్మిది, పదికి రెండున్నర. ఏజెన్సీలో ఒకటి, రెండు తరగతులకి ఒకటి, అదీ బొమ్మల కోసం.

ప్రైవేటు బళ్లో ఇంగ్లిష్ మీడియం చదివే పిల్లలున్న తల్లిదండ్రులు కూడా ఇవి ఒకసారి చూడండి, పీడీఎఫ్‌లు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ట్యూషన్‌కి పంపే ముందు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని అదే పాఠం తెలుగు పేజీలో చదివిస్తే సగం డౌట్లు ఇంట్లోనే తీరిపోతాయి, మీకు ఇంగ్లిష్ రాదన్న బెరుకు కూడా అక్కర్లేదు. టెక్సాస్‌లో ఉండే మా మేనకోడలు దీన్ని తిరగేసి వాడుతోంది: వాళ్లబ్బాయికి ఇంగ్లిష్ పేజీ సులువు, దాని ఆధారంతో ఎదురు పేజీ తెలుగు కూడబలుక్కుని చదువుతున్నాడట, ఆదివారం తెలుగు క్లాసులో వాచకం కంటే ఈ సైన్సు పుస్తకమే వాడికి నచ్చింది. ఒక్క జాగ్రత్త, ఫోన్‌లో తెరిస్తే పేజీలు ఒకదాని కింద ఒకటి వస్తాయి, ఎదురెదురుగా కనపడవు, అప్పుడు దీని ప్రయోజనమే పోతుంది. ల్యాప్‌టాప్‌లో రెండు పేజీలు పక్కపక్కన వచ్చేలా పెట్టుకోండి, అట్ట పేజీ వల్ల జత తప్పితే ఒక పేజీ ముందుకి జరపండి, సరిపోతుంది.